శాశ్వత చిరునామా

బ్రూస్‌పేట, బళ్ళారి
9 జూన్ 2025

అక్కకు,

నేత్ర బాగుంది. నేనూ బాగున్నాను. ఈ మాట ముందు రాస్తే మిగతాది నువ్వు నిదానంగా చదువుతావని ముందే రాశాను.

ఫోన్ చేయక ఉత్తరం రాస్తున్నానంటే కారణం ఉంది. నువ్వు మాట్లాడేది సురేష్ ఫోన్లో. నీ కొడుకు చెడ్డవాడని నేను అనను. కానీ చెల్లెలి మొగుడితో ఒకే ట్రాక్టర్ మీద తిరిగేవాడు, ఏ మాట ఎక్కడ జారవిడుస్తాడో వాడికే తెలియదు. వాడు చదివింది కన్నడం. మీ ఊరి పోస్టుమ్యాన్ హులిగప్పకూ తెలుగు రాదు. అందుకే కవరు మీద నీ పేరు కన్నడంలో, లోపల తెలుగు. చిన్నప్పుడు షాపుల బోర్డులు చూసి నేను నేర్చుకున్న అక్షరాలు నీకూ నేర్పాను. ఇన్నాళ్ళకు అవి తాళంచెవిగా పనికొస్తున్నాయి.

సంగతి ఇది. పోయిన చలికాలం నేత్ర కుట్టుమిషన్ స్కీముకు అర్జీ పెట్టుకుంది. జీన్స్ కుట్టే చోట పరాయివాళ్ళ మిషన్ మీద ఎంతకాలం అని నేనే పెట్టించాను. అర్జీలు కంప్యూటర్లో ఎక్కించే పని ఆఫీసువాళ్ళు ఒక ప్రైవేటు సెంటర్‌కు అప్పజెప్పారు. ఆ సెంటర్‌వాళ్ళు మొత్తం లిస్టును ఇంటర్నెట్‌లో తలుపు లేని ఇల్లులా వదిలేశారు. ఎవరో దించుకున్నారు. ఇప్పుడది అందరి ఫోన్లలో తిరుగుతోంది. పేరు, ఫోటో, మొగుడి పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఇప్పుడు ఉంటున్న ఇల్లు, సందు. తెలిసినవాళ్ళ నంబరు అన్నచోట నాది.

మా మిరపకాయల మండీ యజమాని శివరామకృష్ణయ్యగారి ఫోన్‌కూ వచ్చింది. నన్ను తూకం దగ్గరికి పిలిచి, "ఏమయ్యా సుబ్బరామీ, ఈ అమ్మాయి నీ మేనకోడలు కదూ? ఫోటో బాగా పడిందే" అన్నారు. ఆయన మంచికే అన్నారు.

నేత్ర ఎక్కడుందో తెలిసినవాళ్ళం నువ్వు, నేను, గది అద్దెకిచ్చిన దురుగమ్మ, అంతే. దాని మొగుడు హనుమేశ్ అనంతపురంలో వెతికాడని, హొసపేటలో వెతికాడని నువ్వే చెప్పావు. దొరికితే ఈసారి చెయ్యి విరిచి ఊరుకోడు. ఆ పిల్ల ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. ఆ లిస్టు వాడి ఊరు దేశనూరు చేరాలంటే బస్సు ఎక్కనక్కర్లేదు, ఒక వేలు తోస్తే చాలు.

రేపు వెళ్ళి కంప్లయింట్ రాసి ఇస్తాను. తప్పు పడినచోటే దిద్దించాలి. మిషన్లు అమ్మేవాళ్ళు పొద్దస్తమానం నేత్రకూ నాకూ ఫోన్లు చేస్తున్నారు, "కంతుల మీద ఇస్తాం మేడమ్, నెలనెలా కట్టుకోండి" అని. నన్ను కూడా మేడమ్ అనే అంటున్నారు. తెలియని నంబరు ఎత్తొద్దని నేత్రకు చెప్పాను. నేనూ ఎత్తడం లేదు.

కాలవకు నీళ్ళు ఎప్పుడు వదులుతారట?

సుబ్బరామి


హచ్చొళ్ళి
15 జూన్

తమ్ముడు సుబ్బరామికి అక్క కొట్రమ్మ రాసేది,

నీ ఉత్తరం హులిగప్ప తెచ్చి ఇచ్చేటప్పుడు సురేష్ ఎదురుగానే ఉండె. "మామ ఏం రాసినాడమ్మా, ఫోన్ చేసేది ఇడ్సిపెట్టి" అన్నాడు. నాకేమీ తోచక "మోకాళ్ళ నొప్పికి మందు రాసినాడురా" అన్నా. వాడు నిజమే అనుకోని సిరుగుప్పకు పోయి ఆముదం తెచ్చినాడు. ఇప్పుడు దినామూ వాని ముందర రుద్దుకోని చూపియ్యాల. నీ ఉత్తరం పుణ్యాన ఇల్లంతా ఆముదం వాసన.

లిస్టు సంగతి రెండుసార్లు చదివినా. అయినా ఒక మాట చెప్తా, ఇను. అన్ని పేర్లలో మన పిల్ల పేరు ఎవరు చదువుతారప్పా? వడ్లలో పడిన నువ్వుగింజ అది. నువ్వు పోయి కంప్లయింట్ ఇస్తే మాత్రం ఒకడు వేలు పెట్టి చదువుతాడు. ఇంకొకనికి చూపిస్తాడు. గమ్మున ఉండు. అంత భయమైతే పిల్లను ఇంగో ఇంటికి మార్చు.

నేత్ర పక్కింటామె ఫోన్‌కు చేసి నాతో మాట్లాడి శానా దినాలాయ. ముందు అప్పుడప్పుడు దురుగమ్మ ఫోన్లోంచి అన్నా చేస్తాండె. నా మీద కోపమా? పంచాయితీలో పెద్దలు మొగునితో సర్దుకోమన్నప్పుడు నేను నోరు తెరవలేదని ఇంకా మనసులో పెట్టుకోనుండాదా? అడిగి రాయి.

కాలవకు నీళ్ళు వచ్చే నెల అంటాండారు. ఏటా అట్లే అంటారు.

నీ అక్క


బ్రూస్‌పేట, బళ్ళారి
21 జూన్

అక్కకు,

ఆముదం రుద్దుకో. నొప్పి ఉన్నమాట అబద్ధం కాదు కదా.

గమ్మున ఉండమన్నావు. నా పని లెక్కలు రాయడం. ఒకచోట తప్పు పడితే చూడనట్టు పేజీ తిప్పినా, ఆ తప్పు వెనకే వస్తుంది. ఇల్లు మార్చడం గురించి కూడా చెప్పాలి. మొగుడు పక్కన లేని ఆడపిల్లకు, అడగాల్సినవి అడగకుండా గది ఇచ్చేవాళ్ళు ఈ పేటలో దురుగమ్మ తప్ప నాకు దొరకలేదు.

ముందు సెంటర్‌కు వెళ్ళాను. షట్టర్ వేసి ఉంది. పక్క కొట్టాయన "ఖాళీ చేసి పోయినారు గదప్పా, నీదేమన్నా సర్టిఫికెట్ ఉండిపోయిందా?" అన్నాడు.

తర్వాత పోలీసుల దగ్గరికి. బల్ల వెనక ఉన్నతను ఎంత పోయింది అని అడిగాడు.

"డబ్బేమీ పోలేదు సార్. వివరాలు బయటికి పోయాయి."

"డబ్బు పోలేదు, మనిషి పోలేదు. మరి కంప్లయింట్ దేనిమీదప్పా?"

"మనిషి పోకముందే ఇద్దామని వచ్చాను."

అతను నవ్వలేదు, కోప్పడలేదు. లిస్టు ఏ ఆఫీసుదో అక్కడ ముందు రాసిచ్చి, వాళ్ళిచ్చే నంబరు తీసుకుని రమ్మన్నాడు.

ఆ ఆఫీసులో కనకప్ప అని ఒకతను ఉన్నాడు. సిరుగుప్ప వైపు మనిషి, ఇంట్లో తెలుగేనట. కుర్చీ చూపించాడు.

"లిస్టు మా కాడ్నించి పోలేదప్పా, సెంటర్ కాడ్నించి పోయింది. సెంటర్ మాది కాదు."

"లిస్టు మీదే కదా?"

"లిస్టు మాదే."

"మరి?"

"మరి అంటే నేనేం చెప్పల్ల? టీ తాగు."

టీ తాగాను. అర్జీ నేత్ర పేరు మీదే పెట్టాలట. పెద్దసారు సెలవు నుంచి వచ్చాక తీసుకుంటామన్నాడు. మనిషి మంచివాడు. మంచివాళ్ళ దగ్గర కోపం రాదు, పనీ కాదు.

సుబ్బరామి


హచ్చొళ్ళి
29 జూన్

తమ్ముడికి,

నువ్వు తిట్టుకున్నా సరే, నేను దేశనూరు పోయొచ్చినా. మా తోటికోడలి మనవరాలిని తొట్లలో వేసి పేరు పెడతాంటే పిలిచినారు. పోకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. పోతే వాడు కనపడతాడు. కనపడితే వాని మొగం చూసి లిస్టు సంగతి తెలిసిందా లేదా కనుక్కోవచ్చని పోయినా.

కనపడినాడు. తమలపాకుల తట్ట మోసుకోని వస్తాండె. నన్ను చూసి తట్ట దించి కాళ్ళకు మొక్కినాడు. "అత్తా, నేత్ర బాగుండాదా? యాడున్నా సల్లగుంటే సాలు" అన్నాడు. నేను కండ్లలోకే చూసినా. వానికి ఏమీ తెలీదప్పా. దేశనూర్లో ఆ లిస్టు చూసినోడు ఒక్కడు లేడు. ఆడోళ్ళ మిషన్ల లిస్టు ఆడ ఎవరికి కావల్ల?

తాగుడు మానినాడని అందరూ అంటాండారు. మనిషి రవ్వంత మారినట్ల కనిపిస్తాడు. నేనేమీ అనడం లేదు, కనపడింది రాసినా.

నేను అడిగినదానికి నువ్వు జవాబే రాయలేదు. పిల్లకు నా మీద కోపమా?

అక్క


బ్రూస్‌పేట, బళ్ళారి
5 జూలై

అక్కకు,

దేశనూరు వెళ్ళి ఉండకూడదు. ఇప్పుడు అని లాభం లేదు.

మారినట్టు కనిపించాడని రాశావు. పంచాయితీ రోజు కూడా అలాగే కనిపించాడు. నువ్వు మెత్తబడుతున్నావని నాకు అనుమానంగా ఉంది. అందుకే నేత్ర గురించి ఇకమీదట నీకు తక్కువ రాస్తాను. కోపంతో కాదు.

అర్జీ ఇచ్చాను. పెద్దసారు రాలేదు, ఆయన బదులు వేరే సారు సంతకం పెట్టాడు. నాలుగు పేజీల ఫారం. నేత్రకు కన్నడం వచ్చినా అంత రాయడం అలవాటు లేదని నేనే నింపాను, సంతకం తను పెట్టింది. ఇప్పటి చిరునామా దగ్గర దురుగమ్మ ఇల్లు రాశాను. శాశ్వత చిరునామా, మొగుడి పేరు అని ఇంకో రెండు గడులున్నాయి. కనకప్ప "అవి ఖాళీ పెట్టినా నడుస్తాదప్పా" అన్నాడు. నడుస్తుందని ఇవాళ అంటాడు. రేపు ఇంకొకడు ఫారం అసంపూర్తిగా ఉందని వెనక్కి పంపుతాడు. నేను మండీలో ఇన్నేళ్ళలో గడి ఖాళీగా వదిలింది లేదు. ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు దేశనూరు, హనుమేశ్ అని నింపాను. మన కాగితంలో తప్పు చూపించే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు.

నంబరు ఇచ్చారు. ఆ నంబరు తీసుకుని పోలీసుల దగ్గరికి వెళితే, నెల్లోగా ఆఫీసు జవాబు రాకపోతే రమ్మన్నారు.

నేత్ర అర్జీ మీద సంతకం పెట్టి బయటికి వచ్చాక "మామా, ఇంతమందికి చెప్పి కదా మనం దాక్కుంటాండేది" అంది. నవ్వుతూనే అంది.

సుబ్బరామి


హచ్చొళ్ళి
6 జూలై

సుబ్బరామికి,

మొన్న రాసేటప్పుడు ఒక సంగతి మర్చిపోయినా, అందుకని నీ జవాబు రాకముందే బిన్నా రాస్తాండా. నువ్వు ఇచ్చే కాయితంలో దేశనూరు అనే మాట ఎత్తొద్దు. తొట్ల కాడ ఆడోళ్ళు చెప్పుకుంటాండ్రి, ఆ ఊర్లో ఆడదాని పేరు మీద ఏ కాయితం వచ్చినా ఇంటి మగోని చేతికే ఇస్తారంట. ఒకామె పింఛన్ కాయితం మొగుడు పొయ్యిలో పెట్టినాడంట.

ఇయ్యకపోతే ఇంకా మేలు. ఇచ్చేదుంటే మాత్రం దేశనూరు వద్దు.

మోకాళ్ళ మందు ఇంగా పని చేయలేదా అని సురేష్ అడుగుతాండాడు.

అక్క


బ్రూస్‌పేట, బళ్ళారి
13 జూలై

అక్కకు,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా పోయాయి. అప్పటికే ఇచ్చేశాను.

నీ మాట చదివి కనకప్ప దగ్గరికి వెళ్ళాను. ఆ రెండు గడులు కొట్టేయొచ్చా అన్నాను. "ఒకసారి కంప్యూటర్లో ఎక్కినాక నా చేతిలో లేదప్పా" అన్నాడు. ఫారం అడుగున అర్జీదారు వివరాలు గోప్యంగా ఉంచుతాం అని అచ్చు వేసి ఉంది. చూపించాడు. నేనూ చదివాను. ఆఫీసు ముద్ర ఉన్న కాగితం కదా, నువ్వు దిగులు పెట్టుకోకు.

లిస్టు ఇంకా తిరుగుతూనే ఉంది. నిన్న శివరామకృష్ణయ్యగారికి వేరేవాళ్ళ నుంచి మళ్ళీ వచ్చిందట.

సుబ్బరామి


హచ్చొళ్ళి, హులిగప్ప ఇల్లు
24 జూలై

తమ్ముడా,

ఇది హులిగప్ప ఇంట్లో కూచోని రాస్తాండా. మోకాళ్ళ మందుకు రాయాలని సురేష్‌కు చెప్పి వచ్చినా.

మద్యాన్నం హనుమేశ్ మా ఇంటికొచ్చినాడు. చేతిలో కవరు. మంచం మీద కూచోని మజ్జిగ అడిగి తాగినాడు. తాగినాక కవరు తీసి, "అత్తా, నీ కూతురు బళ్ళార్లో కంప్లయింట్ ఇచ్చింది. ఇంటి అడ్రస్ బయటపడిందని. ఇంటోళ్ళకు ఒక కాపీ పంపాల్ల కదా, నాకు పంపినారు. మర్యాదస్తులు" అన్నాడు. సురేష్‌కు చదివి ఇనిపించినాడు. బ్రూస్‌పేట, సందు పేరు, దురుగమ్మ ఇల్లు, గుర్తుకు పక్కన ఏముండాదో అదీ. అంతా శుభ్రంగా రాసుండాదప్పా. నీ మాదిరే రాసుండాది.

నేను వాణ్ణి తొట్ల కాడ చూసి మారినాడనుకున్నా. ఆ కాయితం చదివేటప్పుడు మళ్ళా చూసినా. నాదే తప్పు.

రేపు పొద్దున వాడూ సురేష్ బండి మీద బయలుదేరతారు. "పిలుచుకోని వస్తాం, నువ్వు ఇంట్లోనే ఉండమ్మా" అని సురేష్ వాకిట్లో మంచం ఏసుకోని కూచున్నాడు. నేను బస్సెక్కే దారి లేదు.

హులిగప్ప ఫోన్లోంచి నీకు ఎన్నిసార్లు చేసినానో లెక్క లేదు. నువ్వు ఎత్తలేదు. పిల్ల నంబరుకు చేసినా. ఎత్తలేదు. తెలీని నంబరు ఎత్తొద్దని నువ్వే రాసినావు కదా, నాకు అది గుర్తుకొచ్చి ఫోన్ కింద పెట్టినా.

ఈ ఉత్తరం పొద్దున మొదటి బస్సు కండక్టర్ జంబన్నకు హులిగప్ప ఇస్తాడు. మండీకి తెచ్చిస్తాడు. చదివినంక లెక్కలు ఆడనే ఇడ్సిపెట్టి పో.


6 ఆగస్టు

అక్కకు,

నేత్ర బతికి ఉంది. ఎక్కడో తెలియదు. నేత్ర ఎక్కడ అని జంబన్నతో రోజూ అడిగిస్తున్నావు. జంబన్నతో చెప్పే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. అద్దాలు వచ్చేదాకా రాయలేకపోయాను.

ఆ రోజు బస్సు కప్పగల్ దగ్గర ఆగిపోయిందట. జంబన్న ఉత్తరం తెచ్చేసరికి హనుమేశ్, సురేష్ మండీలోనే ఉన్నారు. అప్పటికే దురుగమ్మ ఇంటికి వెళ్ళి, గది ఖాళీగా ఉంటే నా దగ్గరికి వచ్చారు. హనుమేశ్ నా ఫోన్ లాక్కుని ఒక్కో నంబరూ చూశాడు. నా అద్దాలు పగిలాయి. శివరామకృష్ణయ్యగారు "నా కొట్లో ఏంట్రా ఇది, మీ ఊరి దౌర్జన్యం ఇక్కడా?" అని తూకం రాయి పట్టుకుని అడ్డం వచ్చారు. సురేష్ గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు. ఇంతకంటే రాయను.

నేత్ర ముందు రోజే వెళ్ళిపోయింది. నువ్వు చేసిన నంబరుకు తను తిరిగి ఫోన్ చేసిందట. అప్పటికి నువ్వు ఇంటికి పోయావు. హులిగప్ప ఎత్తి, "మీ అమ్మ నా ఇంట్లో కూచోని ఏడుస్తా రాసిపోయింది. దేశనూరు మనిషి ఈడ ఉండాడు. పొద్దున్నకు నువ్వు ఆడ ఉండొద్దు తల్లీ" అన్నాడట. దురుగమ్మ చెప్పింది. నేను ఎత్తొద్దన్న నంబరు అది. నా మాట విననందుకు బతికింది.

నువ్వు మొదటినుంచి అడుగుతున్న సంగతి దురుగమ్మనే అడిగాను. నీ మీద కోపం లేదట. ఎవరికీ ఫోన్ చేయొద్దని నేను అన్నానని మానేసింది, అంతే. ఆ మాట నీకు అప్పుడే రాసి ఉండాల్సింది.

దురుగమ్మకు తను ఎక్కడికి వెళ్ళిందో తెలుసని నాకు అనిపిస్తోంది. అడిగాను. ఏరుతున్న బియ్యం చేట పక్కన పెట్టింది. తర్వాత, "అప్పా, నీకు చెప్పొద్దన్నాది. నువ్వు చెడ్డోనివని కాదు. మామ అడిగినోళ్ళకు చెప్పడు, అడిగిన కాయితానికి చెప్తాడు అన్నాది" అంది. నేను మళ్ళీ అడగలేదు. సురేష్ అడిగినా, నువ్వు అడిగినా ఆమె చెప్పదు. నువ్వు కూడా వెళ్ళి అడగొద్దు. హనుమేశ్ ఇంకా ఈ పేటలో తిరుగుతున్నాడు, సందు చివర టీ కొట్టు దగ్గర కూచుంటాడు. నన్ను చూస్తే "నమస్కారం మామా" అంటాడు.

మొన్న కనకప్ప కబురు పెడితే ఆఫీసుకు వెళ్ళాను. అర్జీ మూసేశారట. మనిషిని పంపి విచారించారట. అర్జీదారు సదరు చిరునామాలో నివాసం లేరు కాబట్టి ముగించడమైనది అని రాసి ఉంది.

"లిస్టు తీసేశారా?" అన్నాను.

"అది వేరే సెక్షన్ అప్పా."

"దేశనూరుకు కాపీ ఎవరు పంపారు?"

"ఎవరూ పంపరప్పా. గడి నింపినావంటే దానంతట అదే పోతాది." పాపం, అతనికి అన్నం సయించలేదని చూస్తేనే తెలుస్తోంది. "నేను ఖాళీ పెట్టమంటి కదప్పా" అన్నాడు. అవునన్నాను.

తర్వాత ఒక ఫారం తీశాడు. "అర్జీ మళ్ళా తెరవచ్చు. ఆ పిల్ల ఇప్పుడు యాడుందో కొత్త అడ్రస్ ఒకటి ఈడ రాయి, సాలు."

పేరు రాశాను. పాత అర్జీ నంబరు రాశాను. చిరునామా గడి దగ్గర పెన్ను ఆగింది. తెలియదు కాబట్టి ఆగింది అక్కా. తెలిసుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. ఆ పిల్లకు నాకంటే ముందు తెలిసింది.

ఖాళీగానే ఇచ్చాను. ఖాళీగా ఉంటే సిస్టమ్ తీసుకోదని కనకప్ప తిరిగి ఇచ్చేశాడు.

ఈ ఉత్తరం పైన ఊరు రాయలేదు, చూసే ఉంటావు. నువ్వూ రాయొద్దు. కాలవకు నీళ్ళు వచ్చాయని జంబన్న చెప్పాడు.

సుబ్బరామి